డిస్కు చచ్చిపోయి 11 రోజులైంది... మాకు తెలీదు!

మీ ఫోన్‌లో ఫొటోలన్నీ రేపు పొద్దున్నే మాయమైతే? ఆలోచిస్తేనే గుండె జారుతుంది కదా. నా మొదటి ఉద్యోగంలో అలాంటి రాత్రి ఒకటి నిజంగానే వచ్చింది. కాకపోతే ఫొటోలు కాదు, ఆఫీసు మొత్తం ఆరేళ్ల పని.

హైదరాబాద్‌లో చిన్న కంపెనీ. బిల్డింగ్ డ్రాయింగ్‌లు వేసే టీమ్‌కి నేనే సాఫ్ట్‌వేర్, నేనే సర్వర్, వైఫై రాకపోయినా నేనే. ఒక గురువారం డిజైనర్ వచ్చి, ‘ఫైళ్లు చాలా స్లోగా ఓపెన్ అవుతున్నాయ్, కొంచెం చూస్తావా?’ అంది. లైనక్స్ సర్వర్‌లోకి లాగిన్ అయ్యి, డిస్కుల పరిస్థితి చెప్పే ‘ఎండీస్టాట్’ ఫైల్ తెరిచా. నాలుగు డిస్కులూ బాగుంటే అక్కడ నాలుగు ‘యూ’ అక్షరాలు వరసగా కనిపించాలి. నాకు కనిపించినవి మూడే. మూడో అక్షరం ఉండాల్సిన చోట చిన్న గీత.

ఆ గీతకి అర్థం, ఒక డిస్కు పోయింది. లాగ్ చూస్తే పోయి అప్పటికే 11 రోజులు.

ఒకటి పోయినా నడిచేదెలా?

ఇలా కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద డిస్కులా వాడటాన్ని రెయిడ్ అంటారు. 1988లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాసిన పేపర్‌తో ఈ పేరు స్థిరపడింది. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులు కొన్ని కలిపి వాడుకోవచ్చన్నది వాళ్ల వాదన.

మాది రెయిడ్-5. లెక్క సింపుల్. మూడు డిస్కుల్లో 7, 5, 9 అనే అంకెలున్నాయి అనుకోండి. నాలుగో దాంట్లో వాటి మొత్తం 21 రాసిపెడతాం. ఇప్పుడు 5 ఉన్న డిస్కు పోయిందా? 21లోంచి 7, 9 తీసేస్తే 5 దొరికేస్తుంది. అసలు కంప్యూటర్ చేసేది కూడిక కాదు, ఎక్సార్ అనే బిట్ల లెక్క. ఆ మొత్తాన్ని కూడా ఒకే డిస్కులో పెట్టకుండా అన్నింటికీ పంచుతుంది. కానీ ఐడియా మాత్రం ఇదే. అందుకే 4 టీబీ డిస్కులు నాలుగు పెడితే మనకి దక్కేది 16 కాదు, 12 టీబీ.

ఒకటి పోతే ఓకే. రెండోది కూడా పోతే? 21 తెలుసు, 7 తెలుసు, మిగతా రెండూ తెలీవు. కథ కంచికే. మేం 11 రోజులు ఆ అంచు మీదే నడిచాం. పోయిన డిస్కు లెక్క ప్రతిసారీ కొత్తగా కట్టాల్సి రావడంతోనే ఫైళ్లు స్లో అయ్యాయి.

మరి అలర్ట్ రాలేదా? వచ్చింది. డిస్కుల్ని చూసుకునే ‘ఎండీఏడీఎం’ ప్రోగ్రామ్ బుద్ధిగా మెయిల్ పంపింది. ఎవరికి? ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన మనిషికి!

ఆ రాత్రి ‘ఎకో’ కాపాడింది

సాయంత్రానికి కొత్త డిస్కు తెప్పించా. పాతదాన్ని లిస్టులోంచి తీసెయ్యడం, కొత్తదాన్ని చేర్చడం... అన్నీ ఒక షెల్ స్క్రిప్టులో రాసుకున్నా. పోయిన డిస్కు పేరు ‘ఎస్డీడీ’. అదే పేరు స్క్రిప్టులో పెట్టేశా. ఈలోగా యూపీఎస్ పని ఉందని సర్వర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేశారు. అదేం పెద్ద విషయం అనుకోలేదు.

రాత్రి పదిన్నరకి రన్ చేద్దామని కూర్చుని, ధైర్యం కోసం ఇంతకుముందు ఇంటర్న్‌షిప్‌లో నాకు పని నేర్పిన అన్నకి ఫోన్ చేశా.

‘బ్యాకప్ ఎప్పటిది?’ అన్నాడు.

‘ఐదు నెలల కిందటిది అన్నా.’

కాసేపు సౌండ్ లేదు. ‘సరే. ప్రతి కమాండ్ ముందు ఎకో పెట్టి రన్ చెయ్‌రా. ఏం చేస్తుందో ప్రింట్ చేస్తుంది, నిజంగా చెయ్యదు. ఆ ప్రింట్ చూసి ఆ డిస్కు సీరియల్ నంబర్ నాకు చదువు.’

చదివా. వారంటీ కోసం పోయిన డిస్కు నంబర్ మధ్యాహ్నమే కాగితం మీద రాసుకున్నా కదా, పక్కన పెట్టి చూస్తే రెండూ కలవలేదు.

జరిగిందేంటంటే, చచ్చిన డిస్కు రీస్టార్ట్‌లో అసలు లేవలేదు. దాంతో వెనకున్న ‘ఎస్డీఈ’ ఒక అడుగు ముందుకి జరిగి ‘ఎస్డీడీ’ అయిపోయింది. నా స్క్రిప్టు అలాగే నడిచి ఉంటే, బాగున్న డిస్కుని ‘పోయింది’ అని పక్కన పెట్టేసేది. అప్పుడు మిగిలేవి రెండే. అదృష్టం బాగుంటే ఎలాగోలా మళ్లీ కూర్చుకునేవాళ్లం, లేకపోతే ఆరేళ్ల డ్రాయింగ్‌లు గోవిందా.

స్క్రిప్టులో పేరు తీసేసి, సీరియల్ నంబర్‌తో ఉండే మారని పేరు పెట్టా. మళ్లీ ఎకో, మళ్లీ చెకింగ్. అప్పుడు గానీ ఎంటర్ కొట్టలేదు. కొత్త డిస్కు నిండటానికి ఎంతసేపు? 4 టీబీని సెకనుకి 100 ఎంబీ చొప్పున రాస్తే దాదాపు 11 గంటలు. ఆ 11 గంటలూ మిగతా మూడు డిస్కులూ ఆపకుండా చదవాలి. అవన్నీ ఒకే రోజు కొన్నవి, ఒకే వయసువి. తెల్లవార్లూ ఆ పర్సంటేజీ చూస్తూ ఎన్ని టీలు తాగానో లెక్కలేదు. మర్నాడు పదిన్నరకి నాలుగు ‘యూ’లు కనిపించాక ఇంటికెళ్లి పడుకున్నా.

పెద్దవాళ్లకీ తప్పలేదు

ఇది కుర్ర ఇంజినీర్ల సమస్య మాత్రమే అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్‌లోనే డిలీట్ కమాండ్ కొట్టేశాడు. తేరుకునేలోపు సుమారు 300 జీబీ పోయింది. బ్యాకప్‌కి ఐదు రకాల ఏర్పాట్లున్నా ఏదీ సరిగ్గా పనిచెయ్యడం లేదని అప్పుడే బయటపడింది. అనుకోకుండా తీసిపెట్టిన ఒక కాపీ దొరకబట్టి సుమారు ఆరు గంటల డేటా నష్టంతో బయటపడ్డారు. ఆ సంగతంతా వాళ్లే దాచకుండా అందరికీ చెప్పారు.

ఇప్పుడు నా స్క్రిప్టులు ఇలా ఉంటాయి

* ప్రతి 15 నిమిషాలకి ఎండీస్టాట్‌లో గీత ఉందేమో చూస్తుంది. ఉంటే టీమ్ మొత్తానికి ఫోన్‌లో మెసేజ్.
* రోజూ పొద్దున 9కి ‘అంతా బాగుంది’ అని కూడా మెసేజ్. అది రాకపోతే స్క్రిప్టే పడుకుందని అర్థం. సైలెంట్‌గా ఉందంటే బాగుందని కాదు.
* ‘స్మార్ట్‌సీటీఎల్’తో ప్రతి డిస్కులో పాడైన సెక్టార్ల లెక్క తీసి నిన్నటితో పోలుస్తుంది. పెరుగుతుంటే చావకముందే కొత్తది కొంటాం.
* నెలకోసారి డిస్కులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివిస్తుంది. ఎప్పుడూ తెరవని ఫైళ్ల కింద దాక్కున్న లోపాలు అప్పుడే బయటపడతాయి.
* తీసేసే, చెరిపేసే స్క్రిప్టు ఏదైనా మామూలుగా ప్రింట్ మాత్రమే చేస్తుంది. నిజంగా చెయ్యాలంటే డిస్కు సీరియల్ నంబర్ చేత్తో టైప్ చెయ్యాల్సిందే.

ఇంకో మాట. రెయిడ్ బ్యాకప్ కాదు. మీరు పొరపాటున ఒక ఫైల్ డిలీట్ చేస్తే అది నాలుగు డిస్కుల్లోంచీ ఒకేసారి శుభ్రంగా పోతుంది. అందుకే 3-2-1 సూత్రం: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీ, ఒకటి వేరే చోట.

ఇది సర్వర్లకే కాదు, మీ చేతిలో ఉన్న ఫోన్‌కీ వర్తిస్తుంది. అందులో నాలుగు డిస్కులు లేవు, పోతే ఆదుకునే లెక్కా లేదు. అక్క పెళ్లి వీడియో, తాతయ్యతో దిగిన చివరి ఫొటో ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి. ఒక్కచోటే ఉంటే ఈ రాత్రికే ఇంకోచోటికి కాపీ కొట్టండి. కొట్టాక, ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో కూడా చూడండి.