పాత డీజిల్ బండి కొనేముందు



ఈ పూట వంటల గురించీ, పిల్లల పెంపకం గురించీ కాకుండా ఒక బండి గురించి మాట్లాడుకుందాం. "బండి సంగతి మగవాళ్లు చూసుకుంటారు, మనకెందుకమ్మా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. కాని పాత బండికి బయానా ఇచ్చేనాడు బ్యాంకులో కుదువ పెట్టేది మన గాజులూ, మన గొలుసూనే కదా! సొమ్ము మనదైనప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు కూడా మనదే.

మా ఇందల్వాయి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. పసుపు రోజులు వచ్చాయంటే ఆర్మూరు, బాల్కొండ, భీమ్‌గల్ వైపు ఊళ్లల్లో ఊపిరి సలపని పని. తవ్వాలి, వుడికించాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, బస్తాలకెత్తి నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేర్చాలి. అందరికీ ఒకేసారి బండి కావాలి గనుక కిరాయి బండి దొరకడమే గగనం. ఇక జాతరల సంగతి చెప్పనక్కర లేదు. రెండేళ్లకోసారి మేడారం, మధ్యలో వేములవాడ, లింబాద్రి గుట్ట, బాసర. చెట్టు కింద దిగి, మూడు రాళ్లు పెట్టి వండుకొని, రాత్రికి అక్కడే పడుకొని రావడం మనకు తరతరాల అలవాటు. అందుకే చాలా ఇళ్లల్లో ఒక ఆలోచన పుడుతుంది: "ఒక పాత డీజిల్ బండి కొంటే పంటకూ పనికొస్తుంది, ప్రయాణానికీ పనికొస్తుంది" అని.

ఆలోచన మంచిదే. కాని నీళ్లలో బర్రెను బేరం చేసినట్టు చేయకూడదు. అంగట్లో ఎద్దును కొనేటప్పుడు మన పెద్దలు పండ్లు చూసేవారు, నడిపించి చూసేవారు, ఎవరింటి పశువో ఆరా తీసేవారు. బండికీ ఈ మూడు పరీక్షలే. అయితే వాటికంటే ముందు తేల్చుకోవలసినది ఇంకొకటి వున్నది.

ఏ పనికి ఏ బండి?

సామాను మోసే బండి వేరు, మనుషులను మోసే బండి వేరు. పసుపుపచ్చ పలక మీద నల్ల అక్షరాలున్న గూడ్సు బండి, మనం డీసీఎం అంటామే అది గాని, పికప్ గాని, బస్తాల కోసం చేసినది. జాతరకు పోయేటప్పుడు దాని వెనుక చాపలు పరచి ఇరవై మందిని కూర్చోబెట్టడం మనం రోజూ చూస్తూనే వుంటాం. ఇది చట్టవిరుద్ధం. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి వుంది. గూడ్సు బండిలో వూరికే ఎక్కిన ప్రయాణికులకు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం కట్టనక్కర లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరుకు యజమాని గాని, అతని మనిషి గాని సరుకు వెంట పోతే ఆ సంగతి వేరు. 1994 సవరణతో వాళ్లకు రక్షణ దొరికింది. చుట్టాలకూ, పక్కాలకూ అది లేదు. కాలో చెయ్యో విరిగితే ఆ ఖర్చంతా బండి యజమాని ఇంటి మీద పడుతుంది. అంటే మన ఇంటి మీద.

మరి రెండు పనులూ ఒకే బండితో కావాలంటే? ముందు రెండు వరుసల సీట్లు, వెనుక సామానుకు తొట్టి వున్న పికప్‌లు వస్తాయి. లేదా జీపు వంటి బండి తీసుకొని, దానికి వెనుక చిన్న ట్రాలీ తగిలించుకోవచ్చు. ట్రాలీని కూడా చట్టం ఒక వాహనంగానే లెక్కిస్తుంది. దానికి వేరే రిజిస్ట్రేషను వుండాలి. ఏ బండి అయినా ఎందరు కూర్చోవచ్చో ఆర్సీ పుస్తకంలో రాసి వుంటుంది. ఆ అంకెనే నమ్మండి, అమ్మేవాడి మాట కాదు.

ఇంకొక లెక్క కూడా వేసుకోండి. ఏడాదికి పది కిరాయిలు, ఒక్కోటి 4,000 రూపాయలనుకుందాం. మొత్తం 40,000. సొంత బండికి ఇన్సూరెన్సు, టాక్సు, ఫిట్‌నెస్, టైర్లు, మరమ్మతు, తాకట్టు మీద వడ్డీ కలిపితే అంతకు మించుతుందా, తగ్గుతుందా? కాగితం మీద రాసి చూడండి. ఏడాదిలో పది నెలలు వేపచెట్టు కింద నిలబడే బండి, మేత తిని పాలివ్వని గొడ్డుతో సమానం. నలుగురు అన్నదమ్ములు కలిసి వాడుకునే ఇంట్లో అదే బండి లాభమవుతుంది.

ఇంజను పండ్లు చూడడం

డీజిల్ ఇంజను ఎలా పనిచేస్తుందో తెలిస్తే పరీక్ష సులువు. సైకిలుకు గబగబా గాలి కొడితే పంపు అడుగున వేడెక్కుతుంది, గమనించారా? గాలిని బాగా నొక్కితే వేడి పుడుతుంది. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ ఈ సూత్రం మీదనే ఇంజను చేశాడు. 1897లో అది చక్కగా నడిచింది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు వుంటుంది. డీజిల్ ఇంజనుకు అది వుండదు. గాలిని పదహారో వంతుకో, ఇరవయ్యో వంతుకో నొక్కితే, ఆ వేడికే చిమ్మిన డీజిల్ అంటుకుంటుంది. కాబట్టి ఆ నొక్కుడు బలమే దాని ప్రాణం. రబ్బరు సాగిపోయిన ప్రెషర్ కుక్కరులో పప్పు వుడకనట్టే, లోపల రింగులు అరిగిన ఇంజను పొద్దున్నే స్టార్టు కాదు.

అందుకే బండిని చల్లగా వున్నప్పుడే చూడాలి. తెల్లవారగానే పొండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా వుంటే మీరు రాకముందే స్టార్టు చేసి వుంచారన్నమాట. మరునాడు మళ్లీ వస్తామని చెప్పి వచ్చేయండి.

స్టార్టు చేశాక పొగ గమనించండి. చలిపొద్దున మొదట కొద్దిగా తెల్లపొగ రావడం సహజం. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లగానే వస్తుంటే డీజిల్ సరిగా మండడం లేదు, లేదా లోపలికి నీళ్లు చేరుతున్నాయి. నీలిపొగ వస్తే ఇంజను ఆయిల్ మండుతున్నట్టు. అది పెద్ద మరమ్మతుకు గుర్తు. నల్లపొగ అయితే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ఒక్కోసారి ఎయిర్ ఫిల్టరు మార్చితే పోతుంది, ఒక్కోసారి నాజిళ్లూ, పంపూ బాగుచేయించాలి.

తరువాత ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత మెకానిక్కు చేత తీయించండి. కొద్దిగా ఆవిరి రావచ్చు. పొయ్యిగొట్టం లాగ గుప్పుగుప్పున పొగ తన్నుతుంటే రింగులు అరిగినట్టే. ఇంజను ఆపి, ఆయిల్ చూసే పుల్ల బయటికి తీయించండి. డీజిల్ బండిలో ఆయిల్ నల్లగా వుండడం తప్పు కాదు. పాలు కలిపిన చాయ్ రంగులో వుంటే మాత్రం అందులో నీళ్లు కలిశాయని అర్థం. ఆ బేరం వదులుకోండి. రేడియేటరు మూత వేడి మీద ఎప్పుడూ తీయనివ్వకండి, ముఖం కాలుతుంది.

ఇంకొక మాట. పాతకాలపు పంపు ఇంజన్లను మన వూరి మెకానిక్కే విప్పి బిగించగలడు. తరువాత వచ్చిన వాటిలో సెన్సార్లూ, కంప్యూటరూ వుంటాయి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నియమాలు వచ్చాయి. కొత్త రకం పొగ తక్కువ వదులుతుంది గాని, చెడిపోతే పట్నం పోవాలి. మీకు దగ్గరలో ఎవరు బాగుచేస్తారో తెలుసుకున్నాకే ఏ రకమో నిర్ణయించుకోండి.

నడిపించి చూడడం

కింద వంగి ఛాసిస్ చూడాలి. వెల్డింగు అతుకులు, తుప్పు పొరలు, కొత్తగా పూసిన నల్లరంగు వుంటే అనుమానించండి. రంగు కింద పగులు దాగి వుండవచ్చు. కమాన్ కట్టల్లో విరిగిన పట్టీ వుందేమో చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు అచ్చు వేసి వుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం, 23వ వారంలో తయారైనదని అర్థం. గాట్లు బాగానే కనిపించినా ఏళ్లు గడిచిన రబ్బరు ఎండలో పగిలిపోతుంది.

ఖాళీ బండిని ఊరి చుట్టూ తిప్పి సంతోషపడవద్దు. నాలుగు బస్తాలు వేసి, ఎత్తు ఎక్కించి, దించి చూడండి. డీజిల్ ఇంజనుకు తక్కువ వేగంలోనే లాగే బలం ఎక్కువ. అందుకే ట్రాలీలకూ, బరువులకూ దాన్నే వాడతారు. కాని లాగడం వేరు, ఆపడం వేరు. వెనుక ట్రాలీ వున్నప్పుడు దాని బరువు కూడా బండిని ముందుకు నెడుతుంది. హుక్కుతో బాటు గొలుసు కూడా వుండాలి. బరువు ట్రాలీ వెనుక భాగంలో కుప్పవేస్తే బండి తోక వూగినట్టు వూగుతుంది. ఇరుసు మీదికీ, కొంచెం ముందుకూ సర్దాలి. ఘాటు దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో దాదాపు ఆ గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో దించే డ్రైవరుకు పిల్లలను అప్పగించవద్దు. ఇంజను ఆగితే బ్రేకుకు అందే సాయం కూడా ఆగిపోతుంది.

డ్రైవరు లైసెన్సు కూడా అడగండి. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా బండిని మామూలు ఎల్.ఎం.వి. లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు మించిన లారీకి వేరే లైసెన్సు కావాలి.

ఎవరింటి బండి?

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇంజను చెడితే డబ్బుతో బాగవుతుంది, కాగితాలు చెడితే బండే పోతుంది.

మన జిల్లా బండి వయసు నంబరులోనే కొంత తెలుస్తుంది. ఏపీ 25 అని వుంటే 2014 జూన్‌లో నంబర్లు మారకముందు నిజామాబాదులో ఎక్కినది. టీఎస్ 16 అయితే ఆ తరువాతది. టీజీ 16 అయితే 2024 మార్చి తరువాతది. వేరే రాష్ట్రం నంబరుతో మరీ చౌకగా వస్తే జాగ్రత్త పడండి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత అక్కడి బళ్లు చాలా ఇతర రాష్ట్రాలకు అమ్ముడుపోయాయి. అటువంటి బండికి అక్కడి ఆర్టీవో ఇచ్చిన నిరభ్యంతర పత్రం వుండాలి, ఇక్కడ మళ్లీ టాక్సు కట్టాలి. ఆ లెక్క కలిపితే చౌక చౌక కాకుండా పోతుంది.

ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద చెక్కిన అంకెలతో ఒక్కొక్కటీ పోల్చండి. గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు వుంటే అడుగు వెనక్కి వేయండి. ఆర్సీలో ఫైనాన్సు పేరు వుంటే అప్పు తీరినట్టు ఆ సంస్థ ఇచ్చిన కాగితమూ, 35వ నంబరు ఫారమూ చేతికి వచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వవద్దు. రవాణా బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వుండాలి. ఎనిమిదేళ్లు దాటితే అది ఏటేటా చేయించాలి. సొంత వాడకం బండికి పదిహేనేళ్లకు రిజిస్ట్రేషను తీరిపోతుంది, ఆపైన అయిదేసి ఏళ్లకు కొత్తగా చేయించాలి. కారుకు 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. కట్టని చలాన్లు ఎన్ని వున్నాయో బండి నంబరు కొట్టి ఫోనులోనే చూడవచ్చు.

చివరిది పేరు మార్పిడి. 29, 30 నంబరు ఫారాల మీద అమ్మినవారూ, కొన్నవారూ సంతకాలు చేయాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలని చట్టం. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మన పేరున మార్పించుకోవాలి. లేకపోతే మన బండికి జరిగిన నష్టం మనకు రాదు. "తరువాత చూద్దాంలే" అనేవారు చాలామంది. బండి నాలుగు చేతులు మారినా, ఆర్సీ పుస్తకంలో ఎవరి పేరుంటే వారే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అందువల్ల కొన్నప్పుడే కాదు, మన పాత బండి అమ్మినప్పుడు కూడా పేరు మారేదాకా వెంటపడాలి. మన బంగారం పెట్టి కొన్న బండిలో మన పేరు ఎందుకు వుండకూడదు? ఆ ప్రశ్న కూడా ఇంట్లో ఒకసారి అడిగి చూడండి!

ఇక బండి కొని జాతరకు బయలుదేరారనుకోండి. ఒక్క జాగ్రత్త. రాత్రి చలిగా వుందని అద్దాలు బిగించి, ఇంజను నడుస్తుండగా గాని, కుంపటి లోపల పెట్టుకొని గాని పడుకోకండి. కంటికి కనిపించని, వాసన లేని విషవాయువు పుట్టి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంట బండికి దూరంగా, పడక గాలి ఆడేచోట.

అమ్మేవాడు తొందరపెడితే మనం నెమ్మదిగా వుండాలి. "ఇంకొకరు బయానాతో వస్తున్నారు" అంటే రానివ్వండి. బండ్లు ఇంకా వస్తాయి. కుదువ పెట్టిన గొలుసు విడిపించడం అంత తేలిక కాదు. చల్లటి పొద్దున ఇంజను, బరువుతో నడక, పేరుతో సహా కాగితం. ఈ మూడూ సరిగా వుంటే అప్పుడు కొబ్బరికాయ కొట్టండి, బండికి పసుపు కుంకుమ పెట్టండి.