శూన్యమాసంలో ఆకాశ ముహూర్తం

పుష్యమాసం వచ్చిందంటే మండల కేంద్రాల్లోని ఫొటో స్టూడియోలకు పని తగ్గిపోతుంది. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు. అప్పు చేసి కొన్న కెమెరాలు బ్యాగుల్లోనే ఉండిపోతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే నల్గొండ, మహబూబ్‌నగర్ గుట్టల మీద ఆకాశం తేటపడుతుంది. జనవరి నెలాఖరున రాత్రి తొమ్మిది దాటేసరికి, పల్లెల్లో గొల్లకావడి అని పిలుచుకునే మూడు చుక్కలు దాదాపు నడినెత్తికి చేరతాయి. వాటికి కాస్త దక్షిణంగా, కంటికి మసక మరకలా ఆనేదే ఓరియన్ నీహారిక. దూరం సుమారు 1,300 కాంతి సంవత్సరాలు. అందులో కొత్తగా పుట్టిన నక్షత్రాల అతినీలలోహిత కాంతి తగిలి చుట్టూ ఉన్న హైడ్రోజన్ ఎర్రగా వెలుగుతుంది. ఆ ఎరుపును పట్టుకోవడానికి పెళ్లిళ్ల కెమెరా చాలు.

పెద్ద దుర్భిణిలో చూసినా చాలామందికి ఆ నీహారిక బూడిదరంగులోనే కనిపిస్తుంది. చీకట్లో పనిచేసే మన కంటి కణాలకు రంగులు తెలియవు, వచ్చిన వెలుగును దాచుకునే శక్తీ లేదు. కెమెరా సెన్సర్ దాచుకుంటుంది. ఈ కిటుకును మొదట నీహారిక మీద ప్రయోగించి గెలిచినవాడు హెన్రీ డ్రేపర్. వైద్యం చదివి, దుర్భిణి అద్దాలు సొంతంగా అరగదీసుకున్న మనిషి. 1880 సెప్టెంబరు 30న న్యూయార్క్ దగ్గర్లోని తన వేధశాలలో, 11 అంగుళాల దుర్భిణికి ఫొటో పలక తగిలించి 51 నిమిషాలు తెరిచి ఉంచాడు. ఓరియన్ నీహారికకు అదే తొలి ఫొటో.

ఇప్పుడు అంతసేపు ఒక్క ఫొటోకే కూర్చోనక్కర్లేదు. 30 సెకన్ల ఫొటోలు వంద తీసి, డీప్ స్కై స్టాకర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకదాని మీద ఒకటి పేరిస్తే 50 నిమిషాల వెలుగు చేరినట్టే. నీహారిక ప్రతి ఫొటోలోనూ అదే చోట ఉంటుంది, సెన్సర్ తనంతట తాను పుట్టించే మచ్చలు మాత్రం చోటు మారుతుంటాయి. అందుకే ఫొటోల సంఖ్య నాలుగింతలైతే మచ్చల జోరు సగానికి తగ్గుతుంది. ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. సెన్సర్ వేడెక్కే కొద్దీ ఈ మచ్చలు ఎక్కువవుతాయి. నల్గొండ మే నెల ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు కదా. పగలంతా కాగిన నల్లరాతి గుట్టలు రాత్రి చాలాసేపు సెగలు కక్కుతూ ఉంటే నక్షత్రాలు కూడా వణుకుతూ పడతాయి. చలికాలమే మేలు అనేది అందుకే.

దుర్భిణిని సొంతంగా చేసుకునే సంగతికొస్తే, ఈ పనిలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం అద్దం అరగదీయడమేనని నా నమ్మకం. ఆరంగుళాల గాజు బిళ్లలు రెండు తీసుకుని, మధ్యలో కార్బొరండం పొడి, నీళ్లు వేసి, పై బిళ్లను ముందుకూ వెనక్కూ తోస్తూ, మధ్యమధ్యలో తిప్పుతూ పోవాలి. పై బిళ్ల గుంటపడుతుంది, కింది బిళ్ల ఉబ్బుతుంది. 1,200 మిల్లీమీటర్ల నాభ్యంతరం కావాలంటే నడిమధ్యన కావలసిన లోతు 1.2 మిల్లీమీటర్లకు మించదు. తర్వాత సన్నపొడులు, చివరికి సీరియం ఆక్సైడ్‌తో మెరుగు. గుంట సరిగా కుదిరిందో లేదో చూడటానికి ఒక చిన్న దీపం, ఒక బ్లేడు ఉంటే చాలు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో 1858లో చెప్పిన ఈ పరీక్షలో, కాంతి వచ్చి కలిసే చోట బ్లేడు అంచును అడ్డుపెడితే మిల్లీమీటరులో పదివేలవ వంతు ఎత్తుపల్లాలు కూడా కొండలూ లోయల్లా నీడలు పరుస్తాయి. ఆపైన అల్యూమినియం పూత వేయించుకోవాలి.

గొట్టంలో అద్దం బిగించేటప్పుడే కెమెరాను లెక్కలోకి తీసుకోవాలి. డీఎస్ఎల్ఆర్ కెమెరా లోపల సెన్సర్, లెన్స్ బిగించే వలయానికి నాలుగు సెంటీమీటర్లకు పైగా వెనక ఉంటుంది. కంటితో చూడటానికి చక్కగా కుదిరిన దుర్భిణిలో కెమెరా పెడితే బొమ్మ సెన్సర్ దాకా రాదు. అద్దాన్ని గొట్టంలో కొన్ని సెంటీమీటర్లు పైకి జరపాలి.

ఇక భూమి తిరగడం. ఈ దుర్భిణితో ఒక్క సెకను తెరిచినా చుక్క గీతగా సాగుతుంది. కాబట్టి స్టాండు ఇరుసు ధ్రువనక్షత్రం వైపు చూడాలి, మోటారు దాన్ని తిప్పాలి. ఇక్కడ ధ్రువనక్షత్రం ఎత్తు 17 డిగ్రీలే. వెల్డింగ్ షాపులో ఇరుసు వాలు ఆ లెక్కనే చెప్పాలి. దుర్భిణి ఇంకా తయారుకానివాళ్లకు దగ్గరిదారి ఉంది. రెండు చెక్కలను మడతబందుతో కలిపి, చుట్టుకు ఒక మిల్లీమీటరు జరిగే బోల్టును బందుకు 228.5 మిల్లీమీటర్ల దూరంలో పెట్టి, నిమిషానికి ఒక చుట్టు తిప్పితే పై చెక్క ఆకాశంతో పాటే కదులుతుంది. దాని మీద 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో కెమెరా పెట్టినా నీహారిక రెక్కలు విప్పుకుని కనిపిస్తుంది.

ఆకాశాన్ని ఫొటో తీయడం ఈ నేలకు కొత్త కాదు. 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ఆకాశపటం పనిలో హైదరాబాద్ బేగంపేటలోని నిజామియా వేధశాల తన వాటా పలకలు తీసింది. బేగంపేటకు నగరపు వెలుగు ముసురుకున్నాక 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దుర్భిణిని ఇబ్రహీంపట్నం అవతల జాపాల్-రంగాపూర్‌లో పెట్టింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. ఇంకా వెనక్కి పోతే, కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర ఒక బండ మీద సప్తర్షి మండలం ఆకారంలో తొలిచిన గుంటలున్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరిన చోటది. ఆ గుంటలు తొలిచినవాళ్లకు దొరికిన చీకటి మనకు కరిగిపోతోంది. వీధిదీపం వెలుగు నేలమీదే పడేలా పైన మూత పెడితే ఊరికి వెలుతురు తగ్గదు, ఆకాశం మిగులుతుంది. గ్రామపంచాయతీ తీర్మానంతో అయ్యే పని ఇది. దీన్ని గట్టిగా అడగాలి.

హైదరాబాద్ వెలుగు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఉత్తరపు వైపు. దక్షిణాన నల్లమల ఇంకా చీకటిగానే ఉంది. అమ్రాబాద్ అభయారణ్యంలోకి రాత్రిళ్లు వాహనాలను వదలరు, అది జంతువుల హక్కు. అడవి బయట అచ్చంపేట వైపు గుట్టలు చాలు. ఏప్రిల్ మధ్యలో రాత్రి తొమ్మిదికి అక్కడి నుంచి కరీనా నీహారిక దక్షిణాన 13 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఓరియన్ నీహారికకన్నా ఎన్నో రెట్లు పెద్దది. న్యూయార్క్‌లో, లండన్‌లో అసలు ఉదయించదు. మనకు కూడా పది డిగ్రీలకు పైన ఉండేది దాదాపు నాలుగు గంటలే. కాబట్టి దక్షిణాన కొండగానీ తాటిచెట్లుగానీ అడ్డులేని గట్టు ఒకటి ముందే వెతికిపెట్టుకోవాలి.