మీకు తెలుసా? ఈ ‘సగం’ కూడా పూర్ణసంఖ్యే!

యాప్రాల్‌లో తొమ్మిదో తరగతి పిల్లలెవరినైనా అడగండి: రూట్ 5కి 1 కలిపి సగం చేస్తే వచ్చేది ఎలాంటి సంఖ్య? కరణీయ సంఖ్య అని ఠక్కున చెప్తారు. మార్కులూ పడతాయి. పైచదువుల బీజగణితంలో మాత్రం దానికి ఇంకో హోదా ఉంది. సుమారు 1.618 విలువ గల ఈ గోల్డెన్ రేషియో అక్కడ పూర్ణసంఖ్యల జాబితాలోకే వస్తుంది.

ఎందుకంటే దాని వర్గంలోంచి దాన్నే తీసేస్తే కచ్చితంగా 1 మిగులుతుంది. మొదటి గుణకం 1గా, మిగతావన్నీ పూర్ణసంఖ్యలుగా ఉన్న సమీకరణానికి మూలమైతే చాలు, ఆ సంఖ్యకు ఈ హోదా దక్కుతుంది. పాపం ½కి ఆ యోగం లేదు, దాని సమీకరణంలో ముందే 2 వచ్చి కూర్చుంటుంది. అర్హత ఉన్నవాటన్నిటినీ చేర్చుకుంటే ఏర్పడే వలయమే (కూడినా, తీసివేసినా, గుణించినా ఫలితం లోపలే ఉండే సముదాయం) ఇంటెగ్రల్ క్లోజర్.

చేర్చుకోకపోతే? పూర్ణసంఖ్యలకు రూట్ 5 ఒక్కటే కలిపి ఊరుకున్నామనుకోండి. అప్పుడు 4ని 2 × 2 అనీ రాయొచ్చు, (√5 + 1) × (√5 − 1) అనీ రాయొచ్చు. వీటిలో ఏదీ ఇంకా విడిపోదు. ఒకే సంఖ్యకు రెండు రకాల కారణాంకాలన్నమాట! గోల్డెన్ రేషియోను లోపలికి రానిస్తే ఈ పేచీ ఉండదు. √5 + 1 దానికి రెట్టింపు, √5 − 1 దాని విలోమానికి రెట్టింపు. ఆ విలోమమూ వలయంలోదే కాబట్టి రెండు విభజనలూ ఒకటే.

రూట్ 14కి ఈ బాధ లేదు. 14ని 4తో భాగిస్తే 2 మిగులుతుంది (5కైతే 1), అందుకే కొత్తగా సగాలేవీ చేరవు. కారణాంకాలూ ఒకే విధంగా వస్తాయి. చిక్కల్లా, శేషం భాజకం కన్నా చిన్నదిగా ఉండాలనే పదో తరగతి యూక్లిడ్ భాగహార న్యాయంతోనే. రూట్ లేని భాగం వర్గంలోంచి రూట్ గుణకం వర్గానికి 14 రెట్లు తీసేసి, గుర్తు వదిలేస్తే వచ్చేదాన్ని ‘కొలత’ అందాం. 1 + √14ని 2తో భాగించి చూడండి. భాజకం కొలత 4. శేషం కొలత మాత్రం ఎంత తంటాలు పడినా 5 కన్నా తగ్గదు!

మరి వేరే కొలతేదైనా పనికొస్తుందా? వస్తుందని 1973లో గణితవేత్త వైన్‌బర్గర్ చూపించాడు, కానీ ఇంకా నిరూపణ కాని రీమాన్ పరికల్పన సాధారణీకృత రూపం నిజమైతేనే అన్న షరతు మీద. షరతు లేని నిరూపణను మాల్కమ్ హార్పర్ 2004లో కెనేడియన్ జర్నల్ ఆఫ్ మ్యాథమాటిక్స్‌లో ప్రచురించాడు.

ఆ వెంటనే ఉన్న పేజీల్లో హార్పర్‌తో కలిసి ఇంకో పేపర్ రాసింది మన గుంటూరులో పుట్టిన (1953) మారుతి రామ్ మూర్తి. కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్. గాల్వా విస్తరణలనే ప్రత్యేక సంఖ్యా వ్యవస్థల్లోని పూర్ణసంఖ్యల వలయాల మీద హార్పర్, మూర్తిల ఫలితం ఇది: విలోమం కూడా వలయంలోనే ఉండే సంఖ్యలు ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా కనీసం నాలుగు ఉండి, కారణాంకాలు ఒకే విధంగా వస్తే, అక్కడ యూక్లిడ్ భాగహారమూ నడిచి తీరుతుంది. రూట్ 14కి అలాంటిది ఒక్కటే ఉంది, 15 + 4√14. అందుకే దాని సంగతి తేల్చడానికి హార్పర్‌కి విడిగా 16 పేజీలు పట్టాయి.