ఆలు లేదు, చూలు లేదు... ప్రశ్నావళి సిద్ధం!

వన్-నార్త్ అనగానే మనకు బయోపోలిస్, ఫ్యూజనోపోలిస్ మేడలు గుర్తొస్తాయి. సింగపూర్ భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఉత్తరాన ఉంది కనుక ఆ పేరు. 2003లో బయోపోలిస్ ప్రారంభమైన ఈ పేటలో పరిశోధన అంటే ప్రయోగశాలే అనుకుంటాం. వైద్యం నేర్పే తీరు మీద కూడా పరిశోధన చేయవచ్చు. ఆ పని ఎలా మొదలుపెట్టాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మొన్నొక సాయంత్రం వన్-నార్త్ స్టేషన్ పైన కాఫీ తాగుతుంటే, విశాఖ నుంచి వచ్చిన ఒక యువ డాక్టరమ్మ కాగితాల కట్ట నా ముందు పెట్టింది.

"సార్, నలభై ప్రశ్నలు తయారుచేశాను. ఇన్‌హేలర్ వాడకం మీద నా వీడియో పాఠం మంచిదని నిరూపించాలి."

"ఇంతకీ నీ ప్రశ్న ఏమిటమ్మా?"

"నలభై ఉన్నాయి కదండీ!"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది. ఒకప్పుడు నేనూ ఇంతే. కొత్తరకం పాఠం చెప్పి, చివర్లో "ఎలా ఉంది?" అని ఫారాలు పంచాను. అందరూ "చాలా బాగుంది" అన్నారు. "మెచ్చుకున్నారు సరే, వాళ్ళకు వచ్చిందా?" అని మా పెద్దాయన ఒకరు అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పాఠానికి ముందు పరీక్ష లేదు, పోల్చడానికి మరో జట్టూ లేదు. ఏడాది శ్రమ అటకెక్కింది.

అప్పుడు నేర్చుకున్నవే ఆమెకు చెప్పాను.

ఏం కొలవాలి? 1990లో జార్జ్ మిల్లర్ నాలుగు మెట్లు చెప్పారు: తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలడు, రోజువారీ పనిలో చేస్తాడు. ఫారం మీద టిక్కులతో మూడో మెట్టును కొలవలేం. విద్యార్థి చేతికి ఇన్‌హేలర్ ఇచ్చి చూడాల్సిందే.

ఎప్పుడు కొలవాలి? 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో, పాఠం మళ్ళీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చదివినదాన్ని గుర్తుతెచ్చుకుని రాసినవారిదే పైచేయి. సమయం మారితే ఫలితమే మారింది!

ఎవరిని అడగాలి? మార్కులు వేసే గురువు "పాల్గొంటావా?" అంటే ఏ శిష్యుడు కాదంటాడు? అందుకే అంగీకారం వేరొకరు తీసుకోవాలి. పరీక్షించేవారికి ఎవరు ఏ జట్టో తెలియకూడదు. వీడియో చూడని జట్టుకు తర్వాతైనా చూపించాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే మొదటి అడుగు.

ఆమె కాసేపు ఆలోచించి, కట్ట తిరగేసి, వెనక ఒక్క వాక్యం రాసింది: "వీడియో చూసిన మూడో ఏడాది విద్యార్థులు, మామూలు పాఠం విన్నవారికంటే, నెల తర్వాత రోగికి ఇన్‌హేలర్ వాడకం సరిగ్గా నేర్పగలరా?"

"ఇప్పుడు పుట్టిందమ్మా బిడ్డ. పేరు తర్వాత పెడదాం," అన్నాను.

బోధనాసుపత్రుల్లో పనిచేస్తున్న మన డాక్టర్లకు, నర్సులకు నా మనవి కూడా ఇదే. ముందు ఆ ఒక్క వాక్యం రాయండి. ఆయాసంతో మందు పీల్చే రోగికి మన పాఠం నచ్చిందా లేదా అన్నదానితో పనిలేదు. ఆ మందు ఊపిరితిత్తుల్లోకి చేరితే చాలు.