మహానంది గుండం చెప్పే చలి లెక్క

కార్తిక మాసంలో తెల్లవారకముందే మహానంది గుండంలో దిగినవాళ్లకు నీళ్లు వెచ్చగా తగులుతాయి. మే నెల ఎండలో వచ్చి దిగినవాళ్లకు అవే నీళ్లు చల్లగా హాయినిస్తాయి. చలికాలంలో వేడి, ఎండాకాలంలో చల్లదనం ఈ కోనేటి మహిమ అని యాత్రికులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. విజ్ఞానశాస్త్రం చెప్పేది ఇంకో వింత. ఆ నీటి వేడి ఏడాది పొడుగునా దాదాపు మారదు. మారేది బయటి గాలి, ఆ గాలికి అలవాటుపడిన మన ఒళ్లు.

నంద్యాలకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో, నల్లమల కొండల పాదాల దగ్గర ఉంది మహానంది. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చింది. గర్భగుడి కింద ఊరే నీరు గుండాలు నింపి, అక్కడి నుంచి చుట్టూ ఉన్న అరటి తోటలకు పారుతుంది. కొండ మీద కురిసిన వాన రాతి పగుళ్లలో ఇంకి, చాలాకాలం నేల లోపల ఉండి, ఇక్కడ ఊటగా పైకి వస్తుంది. నేల పైపొర ఎండకు కాలుతుంది, రాత్రికి చల్లారుతుంది. లోపలికి పోయేకొద్దీ ఈ హెచ్చుతగ్గులు తగ్గి, పది పదిహేను మీటర్ల లోతున వేసవికీ చలికాలానికీ తేడా దాదాపు ఉండదు. అక్కడి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా నిలుస్తుంది. కర్నూలు, నంద్యాల ప్రాంతంలో ఆ సగటు సుమారు 28 డిగ్రీల సెల్సియస్. ఊటనీరు కూడా ఆ చుట్టుపక్కలే ఉండాలి. డిసెంబరు తెల్లవారుజామున గాలి 16, 17 డిగ్రీలకు దిగినప్పుడు ఆ నీరు వెచ్చన. మే మధ్యాహ్నం గాలి 40 దాటినప్పుడు అదే నీరు చల్లన.

మన చర్మానికి ఉష్ణోగ్రతను కొలవడం చేతకాదు. అంతకుముందున్న స్థితితో పోల్చి చూడడమే దానికి తెలుసు. ఒక చెయ్యి చల్లగా, ఇంకో చెయ్యి వేడిగా ఉన్నప్పుడు రెండిటినీ ఒకే గిన్నె నీటిలో ముంచితే, ఒక చేతికి వెచ్చగా, రెండో చేతికి చల్లగా తోస్తుందని ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ 1690 నాటికే రాశాడు. ఆ పోలిక వెనుక ఉన్న యంత్రాంగం ఈ మధ్యే బయటపడింది. చర్మంలోని నరాల కొసల్లో వేడిని పసిగట్టే ప్రొటీన్లు కొన్ని, చలిని పసిగట్టేవి మరికొన్ని ఉన్నాయి. వేడినీ స్పర్శనూ పసిగట్టే గ్రాహకాలను కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి దక్కింది.

ఉత్తరాది చలితో పోలిస్తే రాయలసీమ చలి ఏపాటిది అనిపిస్తుంది. నంద్యాలలో మంచు పడదు, నీళ్లు గడ్డకట్టవు. ఇక్కడి ఇబ్బంది చలి తీవ్రతలో కంటే దాని ఊగిసలాటలో ఉంది. తెల్లవారుజామున 16 డిగ్రీలున్న చోట మధ్యాహ్నం రెండు గంటలకు 31 ఉంటుంది. ఒకే పగట్లో పదిహేను డిగ్రీల తేడా! పొడి గాలి, తేటగా ఉన్న ఆకాశం దీనికి కారణం. పగలు నేల పీల్చుకున్న వేడిని రాత్రి ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు పడితే ఆ వేడిలో కొంత తిరిగి నేలకు చేరుతుంది. అందుకే బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన రోజుల్లో రాత్రులు అంత చల్లగా ఉండవు, పగళ్లు మాత్రం ఎండ లేక వణికిస్తాయి. మబ్బు విడిపోయిన మరుసటి రాత్రే చలి ఒక్కసారిగా దిగుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం లాంటి తుపాన్లు ఈ కాలంలోనే వస్తాయి కాబట్టి, వారం తిరిగేసరికి రెండు మూడు రకాల వాతావరణాలను ఒళ్లు తట్టుకోవాల్సి వస్తుంది.

పొద్దు పొడుపు కూడా ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో వస్తుంది. అప్పుడు ఇక్కడ పగలు పదకొండు గంటల పైచిలుకు. అయితే సూర్యుడు అన్నిటికంటే ఆలస్యంగా లేచేది ఆ రోజున కాదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కచ్చితమైన వృత్తం కాకపోవడం, దాని ఇరుసు వంగి ఉండడం వల్ల మన అక్షాంశాల్లో ఆ ఆలస్యం జనవరి మూడో వారానికి జరుగుతుంది. నంద్యాలలో అప్పుడు ఆరూ ముప్పావు దాటితే గాని పొద్దు పొడవదు. సంక్రాంతి వెళ్లింది, చలి తగ్గుతుంది అనుకుని ఐదింటికే నడకకు బయల్దేరేవాళ్లు నిజానికి ఏడాదిలో అతి పొడవైన ఉదయపు చీకట్లో నడుస్తుంటారు.

ఆ చీకటివేళ ఒంట్లో ఏం జరుగుతుంది? మెదడులోని హైపోథాలమస్ లోపలి వేడిని 37 డిగ్రీల దగ్గర నిలబెట్టాలని చూస్తుంది. మొదటి పనిగా చేతులు, కాళ్లు, చెవుల్లోని సన్నని రక్తనాళాలను ముడిచేస్తుంది. వేళ్లు కొంకర్లు పోయేది అందుకే. నాళాలు ముడుచుకుంటే రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. నిద్ర లేచిన తొలి గంటల్లో రక్తపోటు ఎలాగూ పెరుగుతుంది. ఆ రెండూ కలిసిన వేళ బరువైన వ్యాయామం మొదలుపెట్టడం గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవాళ్లకు మంచిది కాదు. అలాగని నడక మానేయమని ఏ వైద్యుడూ చెప్పడు. పొద్దెక్కాక, ఏడున్నర ఎనిమిది మధ్య బయల్దేరితే చాలు. ఇంట్లోనే ఐదు నిమిషాలు కాళ్లూ చేతులూ ఆడించి, మొదట మెల్లగా నడిచి, తర్వాత వేగం పెంచాలి. ఇంకో లాభమూ ఉంది. గాలి కదలని చలి రాత్రుల్లో నేలకు ఆనుకుని చల్లని గాలి పొర పరుచుకుంటుంది. పొయ్యిల పొగ, దుమ్ము అందులోనే చిక్కుకుంటాయి. ఎండ తగిలి ఆ పొర చెదిరాక పీల్చే గాలి శుభ్రపడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట.

చలికి ఒళ్లు అలవాటుపడుతుందా? పడుతుంది. వేడి పుట్టించడమే పనిగా ఉన్న గోధుమరంగు కొవ్వు పసిపిల్లల్లోనే ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. పెద్దవాళ్లలోనూ అది పనిచేస్తుందని 2009లో తేలింది. 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో ఐదుగురు యువకులు నెల రోజులు 19 డిగ్రీల గదిలో నిద్రపోయారు. నెల తిరిగేసరికి వాళ్లలో ఆ కొవ్వు చురుకుదనం పెరిగింది. తర్వాత అంతకంటే వెచ్చని గదిలో పడుకున్న నెలల్లో ఆ పెరుగుదల కరిగిపోయింది. ఐదుగురితో సిద్ధాంతాలు కట్టలేం గానీ, చలి అలవాటు నిలవాలంటే చలిగాలి కొంచెం కొంచెంగా తగులుతూ ఉండాలన్న సూచన అందులో ఉంది. 19 డిగ్రీలంటే డిసెంబరులో నంద్యాల రాత్రి కంటే కాస్త వెచ్చన. కార్తికం నుంచి మకరజ్యోతి దాకా అయ్యప్ప మాల వేసుకుని రోజుకు రెండు పూటలా చన్నీళ్లు పోసుకునేవాళ్లలో తొలి వారపు వణుకు తర్వాత అంతగా కనపడకపోవడానికీ ఈ అలవాటే కారణం కావచ్చు.

స్నానంలో అసలు చలి నీళ్లలోంచి బయటికి వచ్చాక మొదలవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. తడిబట్టల్లో ఒక గ్లాసెడు, అంటే 200 గ్రాముల నీరు ఉందనుకుందాం. అది ఆరిపోవడానికి పట్టే వేడి, ఊరకే కూర్చున్న మనిషి గంటన్నరలో పుట్టించే వేడికి సమానం. అందులో కొంత గాలి నుంచి వస్తుంది, మిగతాది ఒంటి నుంచే పోతుంది. తడిబట్టలతో దర్శనం వరుసలో నిలబడాలనుకునే ముసలివాళ్లు, పిల్లలు ముందు తల తుడుచుకుని పొడిబట్ట కట్టుకోవడం అందుకే అవసరం.

ఒకే రోజులో నవనందులను, అంటే ఈ ప్రాంతంలోని తొమ్మిది నంది గుళ్లను దర్శించేవాళ్లకు చలీ ఎండల ఊగిసలాట బాగా తెలుస్తుంది. నంద్యాలలోని ప్రథమ నంది, నాగ నంది, సోమ నందులతో మొదలుపెట్టి మహానందికి చేరేసరికి చలి పోయి ఎండ మాడుస్తుంది. ఒకే మందపాటి స్వెటరు వేసుకున్నవాళ్లు పది గంటలకల్లా చెమటతో తడిసిపోతారు. ఆ తడే సాయంత్రం చలిని రెట్టింపు చేస్తుంది. పలచని బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకుని, చెమట పట్టకముందే ఒక్కొక్కటి తీసేయడం మేలు. సీమ గొర్రెల కాపరుల కంబళి ఈ పనికి పెట్టింది పేరు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు. పోగుల మధ్య నిలిచిన గాలి వేడిని బయటికి పోనివ్వదు.

చలిలో దాహం మందగిస్తుంది, కానీ పొడిగాలి ఊపిరితో పాటు నీటిని లాక్కుంటూనే ఉంటుంది. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. నడవలేని పెద్దవాళ్లు ఎండలో కూర్చుని చేతులూ కాళ్లూ ఆడించినా కండరాలు వేడి పుట్టిస్తాయి. తలుపులు మూసిన గదిలో మాత్రం బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకూడదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అంటుకుని నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఈ చలికాలం కూడా ఇప్పుడు కుదించుకుపోతోంది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో 2024 దేశానికి అత్యంత వేడి సంవత్సరమని, 2025 ఫిబ్రవరి అత్యంత వేడి ఫిబ్రవరి అని భారత వాతావరణ విభాగం ప్రకటించింది. నంద్యాలలో శివరాత్రి నాటికే పగటి ఎండ 35 డిగ్రీలకు చేరడం మామూలే. కాబట్టి సీమలో నడకకు ఒకే వేళ ఏడాదంతా పనికిరాదు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దెక్కాక నడిచేవాళ్లు ఫిబ్రవరి రెండో వారం నుంచి వారానికి పదిహేను నిమిషాల చొప్పున ఆ వేళను ముందుకు జరుపుకోవాలి. రక్తపోటు మాత్రలు వాడేవాళ్లు చలి మొదలైనప్పుడు ఒకసారి, ఎండ ముదిరినప్పుడు ఒకసారి వైద్యుడికి చూపించుకుని మోతాదు సరిచూసుకోవాలి.