దూరవిద్యా పరిభాష: శబ్దార్థవిచారము

శాస్త్రమునకు సంజ్ఞలు ద్వారములు. సంజ్ఞార్థ మెఱుంగక సూత్రము నన్వయించువాఁడు ప్రక్రియలోఁ దప్పును. ప్రవేశపత్రమునందలి పరిభాష నెఱుంగక సంతకము చేసిన విద్యార్థి ధనమును సంవత్సరమును గోలుపోవును. గుంటూరు, ప్రకాశము మండలములలోఁ బ్రత్తియు మిరపయుఁ బండించు పల్లెలయందుఁ బొలముపనులు విడువక పట్టము పొందఁగోరువారికి దూరవిద్య యొక్కటే తఱచుగా మార్గము. వారు పత్రము చేతఁబట్టుకొని యర్థ మడుగవచ్చునది పాఠశాల పండితులనే. కావున నీ శబ్దములలో ముఖ్యములైన కొన్నింటిని విచారింపవలసియున్నది.

మొదటిది 'దూరవిద్య'. ఇచ్చట దూరత్వము విద్యకుఁ గాదు, విద్యార్థికి. దూరస్థుల కొఱకైన విద్య యని మధ్యమపదలోపముచే నన్వయింపవలెను. గురుశిష్యులు వేఱువేఱు తావుల నుండఁగా లిఖితపాఠములచే బోధన జరుగుట దీని లక్షణము. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయమును, 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయమును 'కరెస్పాండెన్స్ కోర్సు'లను పేరఁ దపాలా మూలమున బోధన మారంభించినవి. ఆ పేరు సాధనమును దెలుపును. 'దూరవిద్య' యనునది స్థితిని దెలుపును. తపాలాకు మాఱుగా నితరసాధనములు వచ్చినను రెండవ పేరు చెల్లుచున్న దందువలననే.

రెండవది 'సార్వత్రికము'. 'సర్వత్ర' యను నవ్యయముపైఁ దద్ధితప్రత్యయము చేరి, యాదిస్వరమునకు వృద్ధి కలుగఁగా, 'అంతట నుండునది' యను నర్థము సిద్ధించును. 1982లో స్థాపింపఁబడి, 1991లో అంబేద్కరు నామము పొందిన విద్యాపీఠము దేశమునందలి మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. 'ఓపెన్' అను పదమునకుఁ దెలుఁగున నీ శబ్దమే రూఢమైనది. కాని యాంగ్లపదము తెఱచిన తలుపును సూచించును. వయస్సు, పూర్వవిద్య, హాజరు మొదలగు నిర్బంధములు సడలుట దాని తాత్పర్యము. ఆ పదము 'ఎవరైనను' అనును; మన పదము 'ఎక్కడైనను' అనును. కావున దూరవిద్య బోధనపద్ధతి, సార్వత్రికత ప్రవేశనీతి. దూరవిద్య గఱపు ప్రతిసంస్థయు సార్వత్రికము గాదు. సడలింపు లే మేరకుఁ గలవో యా సంవత్సరపుఁ బ్రకటనవలననే తెలియవలెను.

ఈ భేదము కేవలము శాబ్దికము గాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి 2020వ సంవత్సరపు నియమములలో 'ప్రాదేశికపరిధి' యను సంజ్ఞ కలదు. రాష్ట్ర విశ్వవిద్యాలయము సామాన్యముగాఁ దన పరిధిలోపలనే దూరవిద్యను నడపవలెను. పేరునందలి 'సర్వత్ర' శబ్దమును నమ్మి, పరిధి కావలి సంస్థలోఁ జేరినవాని పట్టము చిక్కులఁ బడును. 1985లో నేర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమంతటికిఁ జెందినది గాన, దానియందే యా శబ్దము యౌగికార్థముతోఁ జెల్లుచున్నది.

'గుర్తింపు' మూఁడవ సంజ్ఞ. విశ్వవిద్యాలయమునకు గుర్తింపుండుట వేఱు, అది దూరవిద్యగా నడపు నిర్దిష్టపాఠ్యక్రమమునకు గుర్తింపుండుట వేఱు. మొదటిదానివలన రెండవది సిద్ధింపదు. ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు వంటివి దూరవిద్యచే నీయఁదగనివి. గుర్తింపుగల క్రమమున విధివత్తుగాఁ బొందిన పట్టము మాత్రము తరగతిగదిలోఁ జదివి పొందిన పట్టముతో సమానము.

'అధ్యయనకేంద్ర' మనునది విద్యార్థికిఁ దోడ్పాటునకై విశ్వవిద్యాలయ మేర్పఱుచు స్థానము. ఫ్రాంచైజీ యొడంబడికపై దానిని నడపుట నిషిద్ధము. కావున బజారున బోర్డు గట్టిన ప్రతి ట్యుటోరియలును అధ్యయనకేంద్రము గాదు. రుసుము చెల్లింపకముందే విశ్వవిద్యాలయపుఁ బట్టికలో దాని పేరు చూడవలెను. అధ్యాపకులు విద్యార్థులతో సమావేశమగు తరగతులు 'సంపర్కతరగతులు'.

కడపటిది 'క్రెడిట్'. ఇది యప్పు గాదు, మార్కు గాదు, శ్రమకుఁ గొలఁత. పైఁ జెప్పిన జాతీయ విశ్వవిద్యాలయమున నొక క్రెడిట్టు 30 గంటల యధ్యయనము. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశమునకు 120 గంటలు, అనఁగా దినమునకు రెండుగంటల చొప్పున 60 దినములు పట్టును. ప్రత్తితీఁతలు, మిరపకోఁతలు వచ్చు మాసములను విడిచి యీ దినములను ముందే లెక్కించుకొన్నవాఁడు పరీక్షనాఁటికిఁ దొట్రుపడఁడు.

పత్రము తెచ్చినవానిని పండితుఁడు మూఁడు ప్రశ్న లడుగవలెను: ఈ పాఠ్యక్రమమునకు గుర్తింపు కలదా? మన మండల మా సంస్థ పరిధిలోనిదా? ఈ కేంద్రము పట్టికలో నున్నదా? మూఁటికిని లిఖితరూపమున సమాధానము దొరకిన తరువాతనే సంతకము చేయించుట యుచితము.