టకటకల్లేని గాజు కీబోర్డు

ఏ ఎస్ డి ఎఫ్... సెమికోలన్ ఎల్ కె జె!

పదో తరగతి పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరినవాళ్లు ఈ మంత్రాన్ని ఇప్పటికీ మర్చిపోయి ఉండరు. గది నిండా రెమింగ్టన్లు, గోద్రెజ్‌లు. వీధి మలుపు నుంచే వినిపించే టకటకలు. చిటికెన వేలికి బలం చాలక 'ఏ' అక్షరం ఎప్పుడూ పలచగానే పడేది. దానికి మాస్టారి చీవాట్లు అదనం.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. మీటలు మెత్తబడ్డాయి, చప్పుడు తగ్గింది. మరి అసలు మీటలే లేకపోతే? నున్నటి గాజు పలక మీద అక్షరాలు గీసిపెట్టి 'ఇక కొట్టుకోండి' అంటే?

2012లో అమెరికాలో ఓ ఇంజినీరు సరిగ్గా అదే చేశాడు. అటుపక్క ఉన్నది ఇటు కనిపించే పారదర్శకమైన గాజుతో కీబోర్డూ, దానికి జతగా మౌసూ తయారుచేసి, వాటిని మార్కెట్లోకి తేవడానికి డబ్బు సాయం చేయమని కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్లో జనాన్నే అడిగాడు. కొత్త వస్తువు నచ్చినవాళ్లు ముందే సొమ్ము కట్టి ప్రోత్సహించే వేదిక అది. చూస్తే సైన్స్ సినిమాలోంచి ఊడిపడ్డట్టున్న ఆ పలకను చూసి సాంకేతిక ప్రియులు ముచ్చటపడ్డారు. అంతకు ఏడాది ముందే జపాన్‌లో మినేబియా అనే కంపెనీ 'కూల్ లీఫ్' పేరుతో ఇలాంటిదే ఒకటి తెచ్చింది. కరెంటు లేనప్పుడు అది అచ్చం అద్దమే. స్విచ్చేస్తే లోపల్నుంచి అక్షరాలు వెలుగుతాయి.

గాజులో చిక్కిన వెలుగు

మీట కదలదు, కింద స్ప్రింగు లేదు. మరి మనం ఏ అక్షరం మీద వేలు పెట్టామో గాజుకెలా తెలుస్తుంది? దీనికి రెండు దారులున్నాయి.

ఒకటి మన ఫోన్లలో ఉన్నదే. గాజు వెనక కంటికి కనిపించని సన్నటి వాహక పొర ఉంటుంది. దాని మీద విద్యుదావేశం పరచుకుని ఉంటుంది. మన శరీరం కూడా విద్యుత్ వాహకమే కాబట్టి వేలు తగిలిన చోట ఆ ఆవేశంలో రవ్వంత తేడా వస్తుంది. ఆ తేడాను బట్టి చోటును లెక్కగడతారు. మామూలు గ్లవుజులు తొడుక్కుంటే ఫోను పలకకపోవడానికి కారణమూ ఇదే.

రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. అమెరికన్ ఇంజినీరు ఎంచుకున్నది ఈ పద్ధతినే. గాజు పలక అంచు నుంచి పరారుణ కాంతిని లోపలికి పంపిస్తారు. అది మన కంటికి కనిపించదు. ఏటవాలుగా వెళ్లిన ఆ కాంతి పైతలానికి తగిలి కిందికి, కింది తలానికి తగిలి పైకి ఎగురుతూ గాజులోనే చిక్కుకుపోతుంది. ఇంటర్నెట్‌ను మోసుకొచ్చే ఫైబర్ తీగలో వెలుగు ప్రయాణించేదీ ఇలాగే. ఇప్పుడు గాజు మీద వేలు ఆనిస్తే? ఆ ఒక్క చోట కాంతికి దారి దొరికి బయటికి జారుతుంది. వేలికి తగిలి చెదురుతుంది. ఆ మెరుపుచుక్కను చిన్న కెమెరా పట్టుకుంటుంది. ఆ చుక్క ఏ అక్షరం గడిలో పడిందో సాఫ్ట్‌వేర్ తేల్చేస్తుంది. జెఫ్ హాన్ అనే పరిశోధకుడు 2006లో టెడ్ వేదిక మీద ఒకేసారి అనేక వేళ్లతో బొమ్మల్ని లాగుతూ, సాగదీస్తూ చూపించి జనాన్ని నోరెళ్లబెట్టేలా చేసింది ఈ కిటుకుతోనే.

గాజు కదా, పగిలితే? ఇందులో వాడేది కిటికీ అద్దం లాంటిది కాదు. ఆరు వందల డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాల్చి, గాలి కొట్టి చప్పున చల్లార్చిన టెంపర్డ్ గాజు. కారు పక్కద్దాలు దీనితోనే చేస్తారు. ఒకవేళ పగిలినా కత్తుల్లాంటి పెచ్చులు లేవవు, పటిక బెల్లం పలుకుల్లా రాలుతుంది. పైగా టీ ఒలికినా, మిక్చరు రాలినా ఒక్క తుడుపుతో పోతుంది. ఇంట్లో ఉన్న కీబోర్డును ఓసారి తలకిందులుగా దులిపి చూసినవాళ్లకు ఈ సుఖం విలువ తెలుస్తుంది!

వేళ్ల నొప్పి నేర్పిన విద్య

మీటల్లేని కీబోర్డు సోకు కోసమే పుట్టలేదు. దాని వెనక ఓ విద్యార్థి బాధ ఉంది.

1990ల్లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో వేన్ వెస్టర్‌మన్ పీహెచ్‌డీ చేస్తున్నాడు. గంటల తరబడి టైపు చేసీ చేసీ చేతులు దెబ్బతిన్నాయి. మీట నొక్కితే చాలు నొప్పి. పరిశోధన చూస్తే టైపు చేయకుండా సాగదు. 'నొక్కే పనే లేకుండా, ఊరికే తాకితే అక్షరం పడే పలక ఉంటే?' అన్న ఆలోచన అక్కణ్నుంచి పుట్టింది. గురువు జాన్ ఎలియాస్‌తో కలిసి దాన్నే పరిశోధనాంశంగా మార్చుకున్నాడు. 1999లో సమర్పించిన సిద్ధాంత గ్రంథాన్ని తన తల్లికి అంకితమిచ్చాడు. దీర్ఘకాలపు నొప్పితో ఎన్నో ఉపాయాలతో పోరాడటం తనకు తానుగా నేర్చుకుని, కొడుక్కీ నేర్పిందట ఆమె.

ఆ ఇద్దరూ పెట్టిన ఫింగర్‌వర్క్స్ కంపెనీ 'టచ్‌స్ట్రీమ్' కీబోర్డును అమ్మింది. అది గాజుది కాదుగానీ చదునైన తాకుడు పలకే. కీబోర్డూ మౌసూ రెండూ అదే. ఒక వేలు ఆనిస్తే అక్షరం, రెండు వేళ్లు కలిపి జరిపితే మౌస్ బాణం. చేతులు నొప్పెట్టి ఉద్యోగాలే వదులుకోవాల్సొస్తుందేమోనని భయపడ్డవాళ్లకు అది ప్రాణంతో సమానమైంది. అంతలో 2005లో యాపిల్ ఆ కంపెనీని కొనేసింది. టచ్‌స్ట్రీమ్ తయారీ ఆగిపోయింది. నమ్ముకున్నవాళ్లు పాతవాటి కోసం వేలంపాటల వెబ్‌సైట్లలో కొన్న ధరకు మించి పోశారు. రెండేళ్లు తిరిగేసరికి, 2007లో ఐఫోన్ వచ్చింది. రెండు వేళ్లతో బొమ్మను సాగదీసే విద్య ఊరూరికీ చేరింది. ఎవరి నొప్పి తీర్చడానికి మొదలైందో వాళ్ల కీబోర్డు మాత్రం మళ్లీ రాలేదు.

ఎందుకు నిలబడలేదు?

ఇంత బాగుంటే గాజు కీబోర్డులు ప్రతి ఆఫీసులోనూ ఎందుకు లేవు? జవాబు టైపు మాస్టారి దగ్గరుంది. 'కీబోర్డు చూడకు, వేళ్లు మధ్య వరసలోనే ఉంచు' అనేవారాయన. ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉండేది అందుకే. గాజు మీద ఆ ఆనవాళ్లు ఉండవు. వేళ్లు ఆనించి ఉంచుదామంటే తాకడమే నొక్కడం! గాల్లో వేళ్లు నిలబెట్టి గంటసేపు కొట్టి చూడండి, భుజాలు పట్టేస్తాయి. పైగా ఎంత తేలిగ్గా కొట్టినా వేలికొస తగిలేది గట్టి గాజుకే. అంటే నొప్పికి మందనుకున్నది కొందరికి కొత్త నొప్పి కూడా.

మైక్రోసాఫ్ట్ కూడా 2012లో సర్ఫేస్ ట్యాబ్లెట్‌తో పాటు రెండు రకాల కీబోర్డులు తెచ్చింది. కదలని మీటల 'టచ్ కవర్' ఒకటి, కదిలే మీటల 'టైప్ కవర్' ఇంకోటి. కొన్నాళ్లకే మొదటిది మూలనపడింది. కదిలేదే బతికింది.

చూపు లేనివారి సంగతి మరీ కష్టం అనిపిస్తుంది. కానీ ఇక్కడే చిత్రం జరిగింది. 2009లో ఐఫోన్‌లోకి 'వాయిస్‌ఓవర్' వచ్చి, వేలి కింద ఏ అక్షరముందో చదివి వినిపించడం మొదలెట్టింది. 2014లో ఇంకో సదుపాయం చేరింది. బ్రెయిలీలో ఆరు చుక్కలు కదా, ఆరు వేళ్లూ గాజు మీద ఉంచి కావలసిన చుక్కలు ఒక్కసారే తాకితే అక్షరం పడుతుంది. చుక్కలు ఎక్కడున్నాయో వెతుక్కోనక్కర్లేదు. వేళ్లు ఆనిన చోటికే చుక్కలు వస్తాయి. చూపున్నవాళ్లు గాజు మీద తడబడుతుంటే, బ్రెయిలీ బాగా వచ్చినవాళ్లు ఫోను వంక తిరగకుండానే సందేశాలు పంపిస్తున్నారు.

మిగతావారి వేళ్లకు ఇంకా ఆ 'టక్' కావాలి. అందుకే కంపెనీలు దాన్ని నకలు చేస్తున్నాయి. 2015 నుంచి యాపిల్ ల్యాప్‌టాప్‌లలో వస్తున్న ఫోర్స్ టచ్ గాజు ట్రాక్‌ప్యాడ్ కిందికి దిగదు. నొక్కగానే లోపలి విద్యుదయస్కాంతం చిన్నగా కదిలి, పలక లోపలికి దిగినట్టు వేలిని నమ్మిస్తుంది. సందేహమైతే ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్ చేసి నొక్కి చూడండి. రాయిని నొక్కినట్టే ఉంటుంది.